లేని కీబోర్డును ఎక్కడ పుట్టించాలి?

ఒక విద్యార్థి ఫైనలియర్ ప్రాజెక్టు కింద తెలుగు కీబోర్డు తయారు చేద్దామని బయలుదేరాడనుకోండి. చేతికి తగిలే కీబోర్డు కాదు. సెల్‌ఫోన్ తెర మీద వేలు పెడితే చాలు, పక్కనున్న లినక్సు కంప్యూటరు తనకెవరో కొత్త కీబోర్డు తగిలించారని నమ్మాలి. ఇటువంటి దాన్నే వర్చువల్ డివైస్, అంటే కల్పిత పరికరం అంటున్నాము. అతనికి మొట్టమొదట తోచేది ఏమిటంటే, పరికరం అన్నాక డ్రైవరు ఉండాలి, డ్రైవరు అన్నాక కెర్నల్లో ఉండాలి, కనుక కెర్నల్ మాడ్యూలు రాయాలి అని. వినడానికి సబబుగానే ఉంది. కాని చాలాసార్లు అది అక్కరలేని ప్రమాదం.

మద్దూరు దిక్కు వాళ్లకు చెరువు సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. కట్ట ఊరందరిది. తూము ఎత్తడం, దించడం నీరటి పని. రైతు తన పొలంలో కాలువ ఎట్లా తీసుకున్నా అది అతని ఇష్టం. అక్కడ గండి పడితే అతని మడే మునుగుతుంది. చెరువు కట్టకే గండి పడితే? కంప్యూటరులో కెర్నల్ అటువంటి కట్ట. మెమరీ, డిస్కు, తెర, నెట్‌వర్కు అన్నీ దాని అదుపులో ఉంటాయి. మనం నడిపే ప్రోగ్రాములు దాని కింద మడులు; వాటి చోటును యూజర్‌స్పేస్ అంటారు. ఏదైనా ప్రోగ్రాము తనది కాని మెమరీని ముట్టుకుంటే కెర్నల్ దాన్ని అక్కడికక్కడే ఆపేసి మిగతావాటిని నడిపిస్తుంది. కెర్నల్లోని కోడే ఆ పొరపాటు చేస్తే ఆపడానికి పైన ఇంకెవరూ లేరు. యంత్రం మొత్తం నిలిచిపోవలసిందే.

ఇది పుస్తకాల భయం కాదు. 2024 జూలై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ ఆ ఉదయం మన సమయం ప్రకారం 9.39కి ఒక చిన్న ఫైలును లోకం మీదికి వదిలింది. దాన్ని చదివే కోడు విండోస్ కెర్నల్లో డ్రైవరుగా కూర్చుని ఉన్నది. కొత్త ఫైలు 21వ విలువను చూడమంది; కోడుకు అందేవి 20 మాత్రమే. లేని 21వ దాని కోసం చేయి చాపితే తగిలింది ఎవరిదో మెమరీ. 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు గాని, అప్పటికే దాదాపు 85 లక్షల యంత్రాలు నీలి తెరకు వచ్చాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అది కల్పిత పరికరం కాదు, నిజమే. కాని కోడు ఉన్న చోటు అదే. లెక్కలో ఒక్కటి తప్పడం మన ల్యాబుల్లో రోజూ జరిగేదే. యూజర్‌స్పేస్‌లో అయితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఒక ముక్క పడుతుంది, మనం టీ తాగి వచ్చి దిద్దుకుంటాం.

మరి మన విద్యార్థి కీబోర్డు మాటేమిటి? అతని కోసం లినక్సులో ఒక తూము ఎప్పుడో పెట్టి ఉంచారు. దాని పేరు యూఇన్‌పుట్. ప్రోగ్రాము ఆ ఫైలును తెరిచి, తన దగ్గర ఫలానా మీటలున్నాయని చెప్పి, పరికరాన్ని సృష్టించమని అడుగుతుంది. అంతే, అసలు కీబోర్డుల సరసన కొత్త కీబోర్డు లేచి కూర్చుంటుంది. ఇక నొక్కినది, వదిలినది ప్రోగ్రాము రాస్తూ పోతే, మిగతా ప్రోగ్రాములు దాన్ని నిజం కీబోర్డు నుంచి వచ్చినట్టే అందుకుంటాయి. కెర్నల్లో మనవాడు ఒక్క వాక్యం కూడా రాయలేదు. ప్రోగ్రాము చచ్చిపోతే కెర్నల్ ఆ పరికరాన్ని తానే తీసివేస్తుంది.

ఇక్కడ తెలుగువాళ్లం ప్రత్యేకంగా తెలుసుకోవలసిన ముచ్చట ఒకటి ఉన్నది. కీబోర్డు అక్షరాలను పంపదు, మీట నెంబర్లను పంపుతుంది. కే మీట నెంబరు 37, డీ మీట నెంబరు 32. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో కే అంటే క, డీ అంటే పొల్లు. కే, డీ, కే వరసగా కొడితే క్క అవుతుంది. కాని కెర్నల్‌కు తెలిసింది 37, 32, 37 మాత్రమే. అందులో తెలుగును చూసేది ఐబస్ వంటి యూజర్‌స్పేస్ ప్రోగ్రాము. ఒత్తును క కింద కుదురుగా పెట్టేది ఫాంటు, దాన్ని పేర్చే లైబ్రరీ. లినక్సు కెర్నల్ సొంత టెక్స్ట్ తెరకు 512 ఆకారాలకు మించి పట్టవు, ఒత్తులు పేర్చడం దానికి రాదు. కనుక తెలుగు కోసం కెర్నల్ డ్రైవరు రాసినవాడు ఎంత కష్టపడినా తెలుగు ఉండే చోటికి చేరనే లేదు.

అట్లాగని కెర్నల్ జోలికే పోవద్దనడం కూడా తొందరపాటే. 2020లో క్లాసులన్నీ కంప్యూటరు తెర మీదికి ఎక్కినప్పుడు కల్పిత కెమెరాల అవసరం వచ్చింది. పాఠం బొమ్మలు, మాస్టారి ముఖం కలిపి ఒకే కెమెరా దృశ్యంగా పంపాలి. ఆ సంవత్సరమే ఓబీఎస్ స్టూడియో ఈ సదుపాయం తెచ్చింది. విండోస్‌లో అది యూజర్‌స్పేస్‌లోనే పని కానిచ్చింది. లినక్సులో మాత్రం వీ ఫోర్ ఎల్ టూ లూప్‌బ్యాక్ అనే కెర్నల్ మాడ్యూలు కావలసి వచ్చింది. వేగం కోసమనుకుంటారు చాలామంది. 1280 బై 720 దృశ్యం, చుక్కకు రెండు బైట్లు, సెకనుకు 30 చొప్పున లెక్కవేస్తే సెకనుకు అయిదున్నర కోట్ల బైట్లు. ఈనాటి యంత్రానికి అదేమంత బరువు కాదు. అసలు కారణం వేరు. అవతలి ప్రోగ్రాములు కెమెరా కోసం వెతికేది కెర్నల్ చూపే పరికరాల్లోనే, కెమెరాలకు యూఇన్‌పుట్ వంటి సిద్ధంగా ఉన్న తూము కెర్నల్లో లేదు. దీనికి సుంకం ఏమిటంటే, కెర్నల్ మారినప్పుడల్లా ఆ మాడ్యూలును మళ్లీ కంపైల్ చేసుకోవాలి.

వేగమే కారణమైన సందర్భం నెట్‌వర్కు. టన్ అనే కల్పిత నెట్‌వర్కు కార్డుతో ఒక వీపీఎన్ మొత్తాన్ని యూజర్‌స్పేస్‌లో నడపవచ్చు. కాని ప్రతి ప్యాకెట్టూ కెర్నల్ నుంచి ప్రోగ్రాముకు, ప్రోగ్రాము నుంచి మళ్లీ కెర్నల్‌కు గోడ దాటాలి. వైర్‌గార్డ్ రెండు రకాలుగానూ ఉన్నది. 2020 మార్చిలో వచ్చిన లినక్సు 5.6లో అది కెర్నల్లోనే చేరింది. అయితే అందులోకి రావడానికి ముందు ఆ కోడును ఎంతోమంది ఏళ్ల తరబడి చదివి ప్రశ్నించారు. సెమిస్టరు చివర రాసిన మన మాడ్యూలును చదివేదెవరు?

ప్రాజెక్టు మొదలుపెట్టేవారికి ఒక చిక్కు ముందే చెప్పాలి. యూఇన్‌పుట్ ఫైలు మామూలుగా రూట్‌కు తప్ప తెరుచుకోదు. ల్యాబు వారు కాదంటే కోపగించవద్దు. ఆ ఫైలులో రాయగలిగినవాడు, ఆ యంత్రం ముందు ఎవరు కూర్చుని ఉన్నా వారి పేరు మీద ఏ ఆజ్ఞ అయినా టైపు చేయగలడు. ఆ ఒక్క ఫైలుకు ఒక గ్రూపు పెట్టించుకుని, అందులో మీ పేరు చేర్పించుకోండి. అదీ మీ ప్రాజెక్టు యంత్రం మీదనే, ఊరందరూ వాడే సర్వరు మీద కాదు.