కుక్కకాటు: పరీక్ష కోసం ఆగరాదు

“రక్తపరీక్షలో రేబిస్ ఉందని తేలాకే సూదులు వేయించుకుంటే చాలదా?” అని నన్ను పలువురు గృహస్థులు అడుగుతుంటారు. కాటు పడిన నాడు ఏ పరీక్షా ఈ సందేహాన్ని తీర్చలేదు.

కారణం విషక్రిమి నడకలో ఉంది. అది రక్తం గుండా కాక, నాడుల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. సాధారణంగా ఇందుకు 2, 3 నెలలు పడుతుంది. అంతవరకు దాని జాడ దొరకదు.

లక్షణాలు పొడసూపిన పిమ్మటనే ప్రయోగశాలకు పని. లాలాజలాన్నీ, మెడ వెనుక వెంట్రుకల కుదుళ్లతో కూడిన చిన్న చర్మపు ముక్కనూ తీసి, పి.సి.ఆర్. పద్ధతిలో వైరస్ కోసం వెదకుతారు. టీకా పడనివారి రక్తంలోనూ, వెన్నుపాము ద్రవంలోనూ యాంటీబాడీలను చూస్తారు. లాలాజలంలో వైరస్ అన్ని వేళలా వెలువడదు కనుక, ఒక్క పరీక్షలో కనబడనంత మాత్రాన వ్యాధి లేదనరాదు. మరణానంతరం మెదడు కణజాలంపై చేసే ఫ్లోరసెంట్ యాంటీబాడీ పరీక్షే ప్రామాణికం. 1903లో నెగ్రీ కనుగొన్న కణాలు రోగులందరి మెదడులోనూ కనిపించవు.

సుశ్రుత సంహిత కల్పస్థానం జలత్రాసాన్ని మరణసూచకమైన అరిష్టంగా చెప్పింది. నేటికీ లక్షణాలు బయటపడ్డాక బ్రతికినవారు అత్యంత అరుదు. ఆ శాస్త్రాన్ని గురుముఖతః అభ్యసించినవాడినే అయినా, కుక్కకాటుకు నేను మూలిక ఇవ్వను.

గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా ప్రారంభించండి. గాయం లోతైనదైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. వ్యాధిని నిర్ధారించే పరీక్ష రోగిని కాపాడలేదు; సకాలంలో వేసిన టీకా కాపాడుతుంది.