గుర్రం లేని పిల్లల స్వారీ జట్లు

2018 మార్చిలో గుజరాత్‌లోని భావనగర్ జిల్లా టింబి గ్రామంలో 21 ఏళ్ల దళిత యువకుడిని చంపేశారు. గుర్రమెక్కి తిరగొద్దని ఆధిపత్య కులాల వాళ్లు ముందే బెదిరించారని తండ్రి ఫిర్యాదు చేశాడు. దళిత పెళ్లికొడుకు గుర్రమెక్కాలంటే పోలీసు బందోబస్తు కావాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. అందుకే అమెరికా హైస్కూలు పిల్లల్లో స్వారీ జట్లు పెరగడాన్ని మేము వింత వార్తలా చదవలేకపోయాం.

అక్కడ కూడా ఇది డబ్బున్న వాళ్ల ఆటే. గుర్రం కొనాలి, దాణా పెట్టాలి, నాడాలు కొట్టించాలి, శాలకు అద్దె కట్టాలి. 2002లో మొదలైన ఇంటర్‌స్కొలాస్టిక్ ఈక్వెస్ట్రియన్ అసోసియేషన్ ఈ లెక్కను కొంత మార్చింది. పోటీ నిర్వహించే వాళ్లే గుర్రాలను సమకూరుస్తారు. ఎవరికి ఏ గుర్రమో చీటీ తీస్తారు. దాన్ని మచ్చిక చేసుకునేంత సమయం ఉండదు. ఖరీదైన గుర్రం కాదు, స్వారీ చేసే తీరే గెలిపించాలి. మొదటి స్థానానికి 7 పాయింట్లు, తర్వాత 5, 4, 3, 2, 1. ప్రతి విభాగంలో ఎవరి పాయింట్లు జట్టుకు కలపాలో కోచ్ ముందే రాసి ఇవ్వాలి. నిన్నగాక మొన్న నేర్చుకున్న పిల్ల తెచ్చిన 7కీ, ఆరితేరిన పిల్ల తెచ్చిన 7కీ విలువ ఒకటే.

అయితే పాఠాల ఫీజు, బూట్లు, ప్రయాణాలు ఇంటి మీదే పడతాయి. పైగా చాలా జట్లు బడివి కావు, ప్రైవేటు శాలలవి. శాల లేని పేటలో జట్టూ ఉండదు.

నల్లజాతి వాళ్లకు గుర్రం కొత్తేమీ కాదు. 1875లో జరిగిన మొదటి కెంటకీ డెర్బీలో 15 మంది జాకీల్లో 13 మంది వాళ్లే. ఆ పందెంలో డబ్బూ పేరూ పెరిగేకొద్దీ వాళ్లను తోసేశారు. 1902 తర్వాత నల్లజాతి జాకీ ఎవరూ డెర్బీ గెలవలేదు.

ఫిలడెల్ఫియాలో 1994లో మొదలైన వర్క్ టు రైడ్ మరో దారి వేసింది. పేద పిల్లలు శాలలో పనిచేసి, బడిలో మార్కులు నిలబెట్టుకుంటే స్వారీ నేర్పుతారు. 2011లో ఆ జట్టు జాతీయ పాఠశాలల పోలో టైటిల్ గెలిచింది. అంతా నల్లజాతి పిల్లలే ఉన్న జట్టు దాన్ని గెలవడం అదే మొదలు.

ఆ గెలుపు మాకు సంతోషమే. కానీ లద్ది ఎత్తితేనే స్వారీ అనే షరతు గుచ్చుకుంటుంది. ఎత్తిపోసే పనులన్నీ పుట్టుకతో అంటగట్టిన చోట దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వెళ్లి 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ శిక్షణ కోసం ఎవరి ఇంట్లోనూ చాకిరీ చేయలేదు. ఖర్చు ప్రభుత్వం భరించింది. స్వారీకీ అలాగే చేయొచ్చు. గుర్రాలూ శాలా ప్రభుత్వానివై, చీటీ పద్ధతి ఉంటే పది గుర్రాలున్న ఒక్క శాలతోనే చుట్టుపక్కల గురుకులాల జట్లు పోటీ పడగలవు.