మీకు తెలుసా? చెత్తబుట్ట నుంచి పొయ్యి దాకా

రాత్రి మిగిలిన అన్నం, పొద్దున చెక్కేసిన బీరకాయ తొక్కు, వడకట్టిన టీపొడి... ఇవన్నీ ఇంధనమే. అయితే చెత్తబుట్ట నుంచి పొయ్యి చేరే దారిలో యంత్రం కంటే ముందు మనుషుల చేతులున్నాయి. ఆ ఇంధనం గురించి, ఆ చేతుల గురించి కొన్ని సంగతులు.

టన్ను చెత్తలో మూడు బండలు

టన్ను తడి చెత్తను గాలి చొరబడని తొట్టిలో మాగబెడితే సుమారు 80 నుంచి 100 ఘనపు మీటర్ల బయోగ్యాస్ వస్తుంది. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ వేడి దాదాపు 450 గ్రాముల వంటగ్యాస్ వేడికి సమానం. మన ఇంటికొచ్చే బండలో ఉండేది 14.2 కిలోలు. అంటే టన్ను చెత్తలో రెండున్నర నుంచి మూడు బండల వేడి ఉందన్నమాట. అన్నం, రొట్టెలు, పప్పు లాంటి మిగుళ్లు ఎక్కువుంటే గ్యాస్ పెరుగుతుంది. సొరకాయ, టమాటా, ఆకుకూరల్లో నీళ్లే ఎక్కువ కాబట్టి కాస్త తగ్గుతుంది.

గుట్టలో పడితే అదే గ్యాస్ శత్రువు

డంపింగ్ యార్డులో గుట్ట అడుగుకు గాలి అందదు. తొట్టిలో ఉండే సూక్ష్మజీవులే అక్కడా పనిచేస్తాయి, బయోగ్యాస్‌లో మండే మీథేన్ వాయువే అక్కడా పుడుతుంది. పట్టుకునేవాళ్లు లేక అది గాలిలో కలుస్తుంది. 20 ఏళ్ల కాలానికి లెక్కిస్తే, భూమిని వేడెక్కించడంలో మీథేన్ బలం కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 80 రెట్లు. మంటలు రేగే ప్రమాదం కూడా ఉంది. 2016 జనవరిలో ముంబైలోని దేవనార్ డంపింగ్ యార్డు తగలబడి రోజుల తరబడి నగరాన్ని పొగ కమ్మేసింది. ఆ పొగ ఉపగ్రహ చిత్రాల్లోనూ కనిపించింది. ఇలాంటి పొగను అందరికంటే ముందు పీల్చేది ఆ గుట్టల మీద ప్లాస్టిక్, ఇనుము ఏరుకుని బతికే ఆడవాళ్లూ పిల్లలే.

కాల్చబోతే మండలేదు

1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో రోజుకు 300 టన్నుల చెత్తను కాల్చే ప్లాంటు పెట్టారు. కట్టింది డెన్మార్క్ కంపెనీ. ఆ ప్లాంటు నడిచింది మూడు వారాలే. మన నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్త. పైగా దుమ్ము, మట్టి. బాగా మండే కాగితం, అట్ట, ప్లాస్టిక్ చాలావరకు ముందే పాత సామాన్ల దుకాణాలకు చేరిపోతాయి. మిగిలిన తడిసిన సరుకు తనంతట తాను మండలేకపోయింది. వంటింటి చెత్తకు తగిన చోటు బట్టీ కాదు, గోబర్‌గ్యాస్ ప్లాంటు లాంటి తొట్టి.

ప్లాంటు నడిపే పరిసర భగినులు

ముంబైలో 1975లో మొదలైన మహిళా సంస్థ స్త్రీ ముక్తి సంఘటన. చెత్త ఏరుకునే ఆడవాళ్ల కోసం 1998లో ‘పరిసర వికాస్’ కార్యక్రమం చేపట్టింది. అందులో చేరినవాళ్లను పరిసర భగినులు అంటారు. చెత్త వేరుచేయడం, ఎరువు తయారీతో పాటు బయోగ్యాస్ ప్లాంటు నడపడం కూడా వాళ్లకు నేర్పించారు. ఆ ప్లాంటు పేరు ‘నిసర్గరుణ’. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించింది. అందులో చెత్తను ముందు గుజ్జు చేస్తారు. వేడినీళ్లు, గాలి అందే మొదటి తొట్టిలో కొన్ని రోజులు ఉంచుతారు. ఆ తర్వాత గాలి తగలని పెద్ద తొట్టిలోకి పంపుతారు. గ్యాస్ పుట్టేది అక్కడ. బడికి వెళ్లే అవకాశమే దొరకని ఆడవాళ్లు కూడా ఈ పని నేర్చుకుని చేసి చూపించారు.

తొట్టికీ పథ్యం ఉంది

కొబ్బరి చిప్పలు, ఎముకలు, గుడ్డు పెంకులు తొట్టిలో అరగవు. ఉల్లిపొట్టు, నిమ్మచెక్కలు ఎక్కువైతే సూక్ష్మజీవులకు పడదు. ఒక్క పాలకవరు చాలు, గుజ్జు యంత్రం ఆగిపోవడానికి. ఒకేసారి ఎక్కువ మేత వేస్తే లోపల పులుపు పెరిగి మీథేన్ తగ్గుతుంది, పొయ్యి మీద మంట నిలవదు. అందుకే గుజ్జు యంత్రంలోకి వెళ్లేలోపు ప్రతి బుట్టనూ చేత్తో ఏరి చూడాలి. ఏళ్ల తరబడి చెత్తలో చేయి పెట్టినవాళ్లకు ఏది పనికొస్తుందో ఏది రాదో పట్టుకుంటేనే తెలుస్తుంది. ప్లాంటుకు అత్యవసరమైన నైపుణ్యం ఇదే.

బోయిన్‌పల్లి మార్కెట్ ఏం చెబుతోంది?

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల దాకా చెత్త పోగవుతుంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల సాంకేతికతతో అక్కడ పెట్టిన ప్లాంటు దాన్నుంచి రోజుకు సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల వంట ఇంధనం తీస్తుంది. ఆ ఇంధనంతో మార్కెట్ క్యాంటీన్‌లో వంట చేస్తారు. 2021 జనవరి ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఈ మార్కెట్ గురించి చెప్పారు. ఇక్కడొక అనుకూలత ఉంది: కూరగాయల మార్కెట్ చెత్తలో డైపర్లు, బ్యాటరీలు, పగిలిన గాజు పెద్దగా ఉండవు. మన ఇళ్ల చెత్త ఆ స్థాయికి రావాలంటే ఎవరో ఒకరు వేరుచేయాలి. ఇంట్లో మనం చేయకపోతే వేరొకరు ఒట్టి చేతులతో చేయాల్సి వస్తుంది.

నైరోబిలో బొగ్గుపొడి ఉండలు

పారేసేదాన్నుంచి పొయ్యికి చేరేది గ్యాస్ ఒక్కటే కాదు. కెన్యా రాజధాని నైరోబి బస్తీల్లో చాలామందికి కట్టెబొగ్గే వంటచెరకు. బొగ్గు బస్తాల అడుగున పదో వంతుకు పైగా పొడిగా మిగిలిపోతుంది. బస్తీ మహిళలు, యువకుల బృందాలు ఆ పొడిని పోగుచేసి, మట్టి గానీ నానబెట్టిన చిత్తుకాగితాల గుజ్జు గానీ కలిపి, ఉండలు చేసి ఎండబెట్టి అమ్ముతాయి. మేరీ జెంగా అనే పరిశోధకురాలి బృందం 2013లో ప్రచురించిన లెక్క చూడండి: ఐదుగురి కుటుంబానికి మొక్కజొన్న, చిక్కుడు గింజలు ఉడికించడానికి ఈ ఉండలతో 3 షిల్లింగులు, కట్టెబొగ్గుతో 26, కిరోసిన్‌తో 45 ఖర్చయ్యాయి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: బొగ్గు ఏదైనా విషవాయువు వదులుతుంది కాబట్టి గాలి ఆడే చోటే కాల్చాలి.

గుర్తింపు కార్డు చేసే మేలు

పుణెలో చెత్త ఏరుకునేవాళ్లు 1993లో ‘కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్’ పేరుతో సంఘం పెట్టుకున్నారు. వాళ్ల గుర్తింపు కార్డులను నగరపాలక సంస్థ ఆమోదించింది. 2008లో వాళ్ల సహకార సంఘం ‘స్వచ్ఛ్’ ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరించేందుకు నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఇళ్లవాళ్లు నెలనెలా రుసుము ఇస్తారు, పనికొచ్చే సరుకు అమ్ముకున్న డబ్బు ఏరినవాళ్లదే. గుట్ట మీద ఏరుకోవడం పోయి గుమ్మం దగ్గర అందుకోవడం వచ్చింది. ఘన వ్యర్థాల నిర్వహణపై 2016లో వచ్చిన కేంద్ర నిబంధనలు కూడా చెత్త ఏరేవాళ్లను గుర్తించి ఈ వ్యవస్థలో కలుపుకోవాలని స్థానిక సంస్థలకు చెప్పాయి.

మనం చేయగలిగింది

తడి చెత్తను ప్లాస్టిక్ కవరులో కట్టకుండా విడిగా ఇవ్వండి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లను కాగితంలో చుట్టి, గుర్తుపట్టేలా వేరే ఇవ్వండి. పగిలిన గాజు పెంకులు ఉంటే ముందే చెప్పండి. మీ కాలనీలోనో మార్కెట్‌లోనో బయోగ్యాస్ ప్లాంటు పెడుతుంటే సంఘం సమావేశంలో ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ ప్లాంటులో పని ఎవరికి ఇస్తున్నారు? ఇన్నాళ్లూ మన చెత్త ఏరినవాళ్లకే నెలజీతం, చేతి తొడుగులు, శిక్షణ ఇచ్చి ఆ పని అప్పగించాలి. అది జాలితో చేసే సాయం కాదు. ఆ పని తెలిసినవాళ్లు వాళ్లే.