మిస్ కొట్టే ఇంజను: జబ్బు తేల్చకుండా అప్పు చేయొద్దు

తొలకరికి ముందు మన ఊళ్ళలో పాత ట్రాక్టర్ల బేరాలు జోరందుకుంటాయి. కొత్త బండి కొనే తాహతు లేని కౌలుదారు పదిహేనేళ్ళు తిరిగిన బండిని కొంటాడు. కొన్నిచోట్ల నాలుగైదు కూలీ కుటుంబాలు పొదుపు సంఘంలో అప్పు తీసి, ఉమ్మడిగా ఒక పాత బండి తెచ్చుకుంటున్నాయి. దుక్కికీ, బస్తాల తోలకానికీ దాన్ని తిప్పి, వచ్చిన డబ్బుతో కిస్తీ కట్టుకుందామన్నది వారి లెక్క.

నెల తిరక్కుండానే ఒక రోజు ఇంజను నడక మారుతుంది. లయగా మోగాల్సినది మధ్యమధ్య ఒక దెబ్బ మింగేస్తుంది. బానెట్ వణుకుతుంది, నాగలి దిగితే బండి లాగలేదు. దీన్నే మెకానిక్కులు ‘మిస్ కొడుతోంది’ అంటారు. షెడ్డుకు తీసుకుపోతే చాలాచోట్ల ఒకటే మాట: ‘ఇంజను దించాలి. బోరు పని, పిస్టన్లు, రింగులు అన్నీ కొత్తవి వెయ్యాలి.’ సీజను మీద వున్న మనిషి ఎదురు అడగలేడు. వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు.

ఇంజను దించవలసిన బండ్లు వుండవని మేము అనడం లేదు. వుంటాయి. కానీ మిస్ కొట్టే ప్రతి ఇంజనూ దించవలసిన ఇంజను కాదు. ఏ సిలిండరు పని మానేసిందో, ఎందుకు మానేసిందో తేల్చకముందే ఖర్చు లెక్క వేయడమంటే నాడి చూడకుండా ఆపరేషన్‌కు డబ్బు కట్టించుకోవడమే. పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు, తక్కువ ఖర్చువి తర్వాత, పెద్ద ఖర్చువి చివర. ఈ వరస తప్పనివ్వకూడదు.

ఇంజను లోపల జరిగేదేమిటి?

జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజను సూత్రమే నేటికీ మన ట్రాక్టరులో వుంది. దీనికి పెట్రోలు బండిలోలాగా ప్లగ్గు నిప్పురవ్వ అక్కర్లేదు. పిస్టన్ గాలిని దాని చోటులో పదహారో వంతుకో, అంతకన్నా తక్కువకో నొక్కుతుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ డీజిలును మంచులాగా చిమ్ముతుంది. అది వేడిగాలికి తగిలి దానంతటదే మండుతుంది.

అంటే కావలసినవి మూడు: నిండుగా గాలి, గట్టి కంప్రెషన్, సరైన వేళకు సన్నగా చిమ్మే డీజిల్. వీటిలో ఏది తక్కువైనా ఆ సిలిండరు మండదు. మిగిలిన మూడు సిలిండర్లు నాలుగోదాన్ని కూడా మోస్తాయి. నలుగురు ఎత్తే బస్తాను ముగ్గురు ఎత్తినట్టు బండి తూలుతుంది.

చూపుతో, చెవితో మొదలుపెట్టాలి

మొదట అడగవలసింది ‘ఎప్పుడు మిస్ అవుతోంది’ అని. పొద్దున చల్లగా వున్నప్పుడు మిస్ కొట్టి, వేడెక్కాక సర్దుకుంటే కంప్రెషన్ తగ్గిందనో, నాజిల్ సరిగా చిమ్మడం లేదనో అనుమానించాలి. అరగంట బాగా నడిచి, తర్వాత తడబడి ఆగిపోయి, కాసేపు ఆపితే మళ్ళీ నడిస్తే డీజిల్ అందడం లేదన్నమాట. ట్యాంకు మూత తీసి చూడండి. ‘స్‌స్’ మని గాలి లోపలికి పోతే మూతలోని సన్నరంధ్రం మట్టితో పూడిపోయిందని అర్థం. పుల్లతో శుభ్రం చేస్తే సరిపోయే జబ్బు అది.

తర్వాత పొగ. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. నూర్పిళ్ళలో తిరిగిన బండికి గడ్డి దుమ్ముతో ఎయిర్ క్లీనర్ పూడుకుపోతుంది. ముందు దాన్ని విప్పి కడగాలి, అడుగు గిన్నెలో ఆయిల్ మార్చాలి. ఇంజను వేడెక్కాక కూడా కళ్ళు మండించే తెల్లపొగ వస్తే డీజిల్ మండకుండా బయటికి పోతోంది. నీలిపొగ అయితే ఇంజను ఆయిల్ కాలుతోంది. రింగులు, వాల్వుల మీద అనుమానం పెట్టవలసింది అప్పుడు.

మూడోది డీజిల్. మన ఊళ్ళలో డీజిల్ డబ్బాల్లో వస్తుంది. నీళ్ళూ, తుక్కూ దానితోపాటే వస్తాయి. ఫిల్టరు అడుగు స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులోకి కొంచెం పట్టండి. అడుగున నీళ్ళు వేరుగా నిలబడితే తెలిసిపోతుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా వున్న పైపుకు సన్న పగులుంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు. పంపు పీల్చేటప్పుడు గాలే లోపలికి పోతుంది. అందువల్ల ‘కారడం లేదు కదా’ అని వదిలేయకూడదు. ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతిమీట కొడితే బుడగలు వస్తాయి. బుడగలు ఆగి నిండు డీజిల్ వచ్చేదాకా కొట్టి బిగించాలి. మళ్ళీ మళ్ళీ బుడగలు వస్తుంటే గాలి పీల్చే చోటు వెతకాలి.

తప్పిన సిలిండరును పట్టుకోవడం

ఇంతవరకు చూసినా మిస్ పోకపోతే, ఏ సిలిండరు పని మానేసిందో పట్టుకోవాలి. దీనికి మన వంటింట్లోనే ఒక పరీక్ష వుంది. అట్ల పెనం కాగిందో లేదో అక్కచెల్లెళ్ళు నీళ్ళు చిలకరించి చూడరూ? ఇంజను పూర్తిగా చల్లగా వున్నప్పుడు స్టార్టు చేసి, ఒక నిమిషం లోపే, పొగ బయటికి వచ్చే మానిఫోల్డు మీద ఒక్కో సిలిండరు మూతి దగ్గర ఒక్కో నీటి చుక్క వెయ్యాలి. మండుతున్న సిలిండర్ల దగ్గర చుక్క చుర్రుమంటుంది. మండనిదాని దగ్గర ఊరికే జారిపోతుంది. చుక్కలే వెయ్యాలి సుమా! కాగిన పోత ఇనుము మీద చెంబుతో పోస్తే పగులుతుంది.

రెండోది మెకానిక్కు పరీక్ష. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు రాళ్ళు వేసి, ఇంజనును నెమ్మది మీద నడుపుతూ, నాజిలుకు వచ్చే పైపు నట్టును పానాతో అర చుట్టు వదులు చేస్తారు. దాంతో ఆ సిలిండరుకు డీజిల్ ఆగుతుంది. అది అప్పటిదాకా పనిచేస్తున్నదైతే శబ్దం పడిపోయి ఇంజను ఇంకా కుదుపుతుంది. ఏ మార్పూ రాకపోతే దొంగ దొరికినట్టే. నట్టు బిగించి తర్వాతదానికి పోవాలి.

ఇక్కడ రెండు హెచ్చరికలు. పాత ఇంజన్లలోనే నాజిల్ సుమారు చదరపు సెంటీమీటరుకు 200 కిలోల ఒత్తిడి మీద చిమ్ముతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి సూదిపోటంత గుర్తే కనబడినా లోపల చెయ్యి కుళ్ళిపోవచ్చు. అలా తగిలితే ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి పోవాలి. చెయ్యి అడ్డం పెట్టకండి. నట్టు మీద గుడ్డ కప్పండి, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. తలగుడ్డ, పైట ఫ్యాను బెల్టు దగ్గరికి పోనివ్వకండి.

రెండోది, ఈ పరీక్ష పాత మెకానికల్ పంపు బండ్లకే. 50 హార్స్ పవర్ పైబడిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో చాలావాటికి కంప్యూటరు నడిపే కామన్ రైల్ పద్ధతి వుంది. ఆ పైపుల్లో ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ. వాటి నట్లు నడుస్తుండగా ముట్టుకోకూడదు.

దొరికిన దొంగను విచారించడం

సాగర్ ఎడమ కాలువ కింద ఒక ఊళ్ళో ఉమ్మడి బండికి ఇదే కష్టం వచ్చింది. షెడ్డులో ‘ఇంజను దించాల్సిందే’ అన్నారు. కూలీ కుటుంబంలో పుట్టి మెకానిక్కు పని నేర్చిన ఒక కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని మేము పోయి, అందరి ఎదుటా పరీక్ష చేయించాము. మూడో సిలిండరు మండడం లేదని తేలింది. ఆ కుర్రవాడు మూడోదాని ఇంజెక్టరు తీసి రెండోదానికి, రెండోదాని ఇంజెక్టరు తీసి మూడోదానికి, కొత్త రాగి వాషర్లు వేసి బిగించాడు. ఈసారి మూడోది మండింది, రెండోది ఆగింది. జబ్బు ఇంజెక్టరు వెంట నడిచివచ్చింది. అంటే సిలిండరు, పిస్టన్, రింగులు నిర్దోషులు. నాజిల్ మార్చి, టెస్టు బెంచి మీద ఒత్తిడి సరిచేయిస్తే బండి మర్నాడు దమ్ములోకి దిగింది.

జబ్బు ఇంజెక్టరు వెంట రాకుండా అదే సిలిండరులో వుండిపోతే ఆ పైపునూ, పంపునూ చూడాలి. టాపెట్ల సందు ఆ బండి పుస్తకంలో రాసిన ప్రకారం ఫీలర్ గేజితో సరిచేయించాలి. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. ఆ పైన గేజి పెట్టి ఒక్కో సిలిండరు కంప్రెషన్ కొలిపించాలి. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పగిలిందేమో చూడాలి. చల్లటి ఇంజనుకు రేడియేటరు మూత తీసి స్టార్టు చేస్తే బుడగలు తన్నుకు రావడం కూడా దానికి గుర్తే. వేడి మీద మాత్రం ఆ మూత తియ్యకూడదు. కంప్రెషన్ బాగా పడిపోయి, బ్రీథర్ పైపు నుంచి పొగ గుప్పుగుప్పున వస్తూ, ఆయిల్ తాగేస్తుంటే అప్పుడు ఇంజను దించే మాట నిజమే. అప్పటి అప్పు తెలిసి చేసిన అప్పు.

‘ఎలాగో నడుస్తోంది కదా’ అని మిస్ కొట్టే బండిని సీజనంతా లాగించడం కూడా తప్పే. కారే నాజిల్ వదిలిన డీజిల్ లైనరు మీది ఆయిలును కడిగేస్తుంది. అడుక్కి దిగి ఇంజను ఆయిలును పలచన చేస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తే వెంటనే ఆపాలి. చిన్న జబ్బు నిజంగానే పెద్ద జబ్బయ్యేది అప్పుడే.

ఇలాంటి బండికి ట్రక్కు తగిలించి కూలీలను ఎక్కించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా లక్ష్మాపురం దగ్గర ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది పనికి పోతున్న ఆడకూలీలు. అక్కడ ఇంజను మిస్ కొట్టిందని మేము చెప్పడం లేదు. ట్రక్కు మనుషుల బండి కాదనీ, కాలువ గట్టు రెండో అవకాశం ఇవ్వదనీ చెబుతున్నాము. ఎత్తు మీదనో, రైలు గేటు మధ్యనో ఆగిపోయే బండి ఎక్కబోమని జట్టంతా ఒక్కమాట మీద చెప్పాలి.

బేరంలో, షెడ్డులో

పాత బండి కొనేటప్పుడు అవర్ మీటరు అంకెను నమ్మకండి. అది ఆగిపోయి వుండొచ్చు, మార్చి వుండొచ్చు. పెడళ్ళ అరుగుదలను, స్టీరింగ్ ఆటను నమ్మండి. చెప్పకుండా తెల్లవారుజామున పోయి ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా వుంటే అమ్మేవాడు ముందే నడిపి జబ్బు దాచాడేమోనని అడగండి. చల్లారాకే స్టార్టు చేయించి నడక వినండి, పొగ చూడండి.

షెడ్డులో మెకానిక్కు మనకు శత్రువు కాదు. అతనూ చేతులు నల్లజేసుకుని బతికే కార్మికుడే. గౌరవంగానే నాలుగు మాటలు అడగాలి: ఏ సిలిండరు? ఎలా తేల్చావు? మా ముందు చూపిస్తావా? తీసిన పాత సామాను మాకిస్తావా? పని తెలిసినవాడు సంతోషంగా చెబుతాడు. జవాబు చెప్పనివాడికి అడ్వాన్సు ఇవ్వకండి.

ఉమ్మడి బండి వున్నచోట ఒక నోటు పుస్తకం పెట్టండి. ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఫిల్టర్ ఎప్పుడు వేశారు, ఏ సిలిండరు ఎప్పుడు సతాయించింది, ఎంత ఖర్చయింది, అన్నీ తేదీతో రాయండి. చదువు వచ్చిన ఆడపిల్లకో, కుర్రవాడికో ఆ పని అప్పజెప్పండి. పై పరీక్షలు ఊరికి ఇద్దరైనా నేర్చుకోండి. దమ్ము చేసే పొలంలో బండి ఆగినప్పుడు ముందుగా అక్కరకొచ్చేది ఆ ఇద్దరే.