ఎండొచ్చింది, బొంతలు బయటెయ్యండి!

రండర్రా, ఇలా అరుగు మీదికి రండి. గోదారి లంకల్లో పుట్టినవాడికి ఎండ విలువ ఇంకొకళ్లు చెప్పక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీరు 70 అడుగులు దాటిందా, ఆ నీరంతా మన కోనసీమ లంకల్ని ముంచుకుంటూనే కదా సముద్రంలో కలవాలి! పైన వాన, కింద వరద. ఇంట్లో పొడిగుడ్డంటూ ఒక్కటీ లేకపోతే ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. అలాంటి ముసురు విడిచి, కొబ్బరిచెట్ల సందుల్లోంచి ఫెళ్లున ఎండ కాసిందనుకోండి, ఊరంతా ఏటిగట్టు మీదే. బొంతలు, దిళ్లు, తడిసిన ధాన్యం, పిల్లల పుస్తకాలు, అన్నీ గట్టెక్కేస్తాయి.

"తాతా, నీళ్లు మరిగితేనే కదా ఆవిరయ్యేది? దండెం మీద చీర మరగట్లేదుగా, మరెలా ఆరుతోంది?" అంది మా మనవరాలు. భలే అడిగింది! నీటి అణువులన్నీ ఒకే వేగంతో ఉండవర్రా. కొన్ని మందకొడివి, కొన్ని దూకుడువి. దూకుడువి మరిగేదాకా ఆగవు, సందు దొరికితే చాలు గాల్లోకి ఉడాయిస్తాయి. పోతూ పోతూ వేడిని కూడా పట్టుకుపోతాయి. ఎంతనుకున్నారు? లీటరు నూతినీళ్లు మరుగుపట్టడానికి ఎంత వేడి కావాలో, ఆ లీటరంతా ఆవిరవడానికి దానికి ఇంచుమించు ఎనిమిది రెట్లు కావాలి. అంత వేడీ ఇచ్చేది సూర్యుడే. మబ్బులేని మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద పడే ఎండలో సుమారు 1,000 వాట్ల శక్తి ఉంటుంది. బిల్లు మాత్రం రాదు!

మరి ముసురురోజున వసారాలో వేసిన తువ్వాలు మర్నాటికీ చెమ్మగానే ఎందుకుంటుంది? గాలిని సంక్రాంతి నాటి పల్లెవెలుగు బస్సనుకోండి. 30 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలికి పట్టేది 30 గ్రాముల నీటావిరే. ముసురులో సీట్లన్నీ ముందే నిండిపోయి ఉంటాయి, తువ్వాల్లో నీళ్లకి చోటేదీ? ఎండ కాస్తే గాలి వేడెక్కి సీట్లు పెరుగుతాయి. గాలి వీచిందా, నిండిన బస్సు కదిలి ఖాళీది వస్తుంది. వరద తీసిన మొదటిరోజు ఎండ కాసినా ఉక్కపోసేది కూడా ఇందుకే. తడినేలంతా ఒక్కసారే ఆవిరి వదులుతుంటే మన చెమట ఎక్కడికి పోతుంది!

వాసన సంగతీ చెప్పాలి. వరద తీయగానే కొట్టేది కుళ్లిన ఆకూఅలముల కంపు. ఒండ్రు బాగా ఎండి, ఓ చిన్న జల్లు పడ్డాక లేస్తుంది చూడండి, అదీ మట్టివాసన! నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థం తయారుచేస్తాయి. లక్ష కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా మన ముక్కు దాన్ని పసిగట్టేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని ఉడికించి, ఆ ఆవిరిని చందనతైలంలో పట్టి అత్తరు చేస్తారు. మనకి ఉత్తినే దొరికేదాన్ని వాళ్లు సీసాల్లో పోసి అమ్ముతారన్నమాట.

పరుపులు ఎండలో వెయ్యమని అమ్మమ్మ కేకలేసేది తడి ఆరడానికొక్కదానికే కాదు. 1877లో డౌన్స్, బ్లంట్ అని ఇద్దరు ఇంగ్లీషువాళ్లు సూక్ష్మజీవులు పెరిగే ద్రవాన్ని గాజుగొట్టాల్లో పోసి, కొన్నింటికి సీసపు రేకు చుట్టి, అన్నింటినీ ఎండలో పెట్టారు. రేకు చుట్టినవి మురిగి కలకబారాయి, ఎండ తగిలినవి తేటగా ఉండిపోయాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్రిముల జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయని తర్వాత తేలింది. అయితే ఆ కిరణాలు పైపైనే పనిచేస్తాయి. అందుకే పరుపు తిరగెయ్యాలి, బొంత దులిపి మళ్లీ ఆరెయ్యాలి. పుస్తకాలు మాత్రం నీడన గాలికి పెట్టండి, ఎండలో అట్టలు వంకర్లు పోతాయి.

ఇంకొక్కమాట చెప్పి వదిలేస్తాను. ఎండ నూతిలోకి దిగదు, బురదలోకీ దిగదు. వరదనీరు దిగిన నూతిలో బ్లీచింగ్ వేయించండి, ఆ తర్వాత కూడా నీళ్లు మరగకాచే తాగండి. ఎలుకల మూత్రం కలిసిన బురదతో లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది, కాలికి చిన్న గీత ఉన్నా చాలు. ఆడుకోండి, ఎవరొద్దన్నారు? చెప్పులేసుకుని, గట్టు మీద ఆడుకోండి.