ఇంటి కంప్యూటరు - దాని సంరక్షణ

గత వేసవిలో కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు పర్యటన వెళ్లినపుడు మేము ఒక వార్డు సభ్యుని ఇంట కొంతసేపు కూర్చుంటిమి. అరుగుమీద మాటలు సాగుచుండగా ఆయన తమ ఇంటి కంప్యూటరు కథ చెప్పినారు. పంచాయతీ కార్యాలయపు కంప్యూటరు మరమ్మతులో ఉన్నందున, ఇంటి పన్నుల జాబితాకు గ్రామస్థులు కోరిన సవరణలను డిగ్రీ చదువుచున్న ఆయన కుమార్తె ఇంటివద్దనే, తమ యంత్రములో ఎక్కించుచు వచ్చినది. మూడు వారముల పని. ఒకనాటి సాయంకాలము కరెంటు పోయి వచ్చినది. కంప్యూటరు మాత్రము లేవలేదు. పట్టణమునకు పంపిరి. మూడవ నాటికి యంత్రము చక్కబడి తిరిగి వచ్చినది గాని, అందులో ఒక్క కాగితమైనను మిగులలేదు. బాగుచేసిన కుర్రవాడు డిస్కును తుడిచివేసి అంతయు కొత్తగా ఎక్కించినాడు. "ఇందులో కావలసినది ఏమైన ఉన్నదా?" అని అతడు అడుగలేదు, ఉన్నదని వీరును చెప్పలేదు. పోయిన సవరణలలో ఒక వృద్ధురాలి ఇంటిని గతించిన భర్త పేరునుండి ఆమె పేరునకు మార్చినది కూడ ఒకటి. ఆమె ఇచ్చిన అర్జీకి నకలు ఆమెవద్ద లేదు.

ఆ కుర్రవానిని తప్పుపట్టుటకు ఈ సంగతి చెప్పుటలేదు. కంప్యూటరు చెడిపోయినదనగా సాధారణముగ మనము యంత్రమును గూర్చియే విచారింతుము. యంత్రమునకు ఖరీదు కట్టవచ్చును, మరియొకటి తెచ్చుకొనవచ్చును. అందులో దాచిన వ్రాతకు ఖరీదు లేదు. కనుక సంరక్షణ అనగా రెండు పనులు: యంత్రము నడుచునట్లు చూచుకొనుట ఒకటి, అది ఏనాడైనను ఆగిపోవునను ఎరుకతో లోపలి సరుకును వేరుగా భద్రపరచుకొనుట రెండవది. పంచాయతీ సభ్యులలో పలువురి ఇండ్లలో నేడు పిల్లల చదువుల నిమిత్తము కంప్యూటరు ఉన్నది. ఇంటి యంత్రమునకు వర్తించు జాగ్రత్తలన్నియు కార్యాలయములోని దానికిని వర్తించును.

మొదట కరెంటు సంగతి. పల్లెలలో కంప్యూటర్ల కష్టములు తరచు ఇచ్చటనే ఆరంభమగుచున్నవి. మన ఇండ్లకు రావలసినది 230 వోల్టుల కరెంటు. కంప్యూటరు లోపల దానిని తగ్గించి పంచి ఇచ్చు విద్యుత్ పెట్టె యొకటి కలదు. మెకానిక్కులు దానిని యస్.యం.పి.యస్. అందురు. అది కొంత హెచ్చుతగ్గును ఓర్చుకొనగలదు. ఓర్వలేనిది హఠాత్తుగా పోవుట, అంతకంటె హఠాత్తుగా ఎగసి వచ్చుట. కాబట్టి కరెంటు పోయినపుడు స్విచ్చి కట్టివేసి, తిరిగి వచ్చిన పిమ్మట ఐదు నిమిషములు ఆగి వేయుట మంచిది. ఈ అలవాటునకు పైసా ఖర్చు లేదు.

యు.పి.యస్. అను బ్యాటరీ పెట్టె ఉన్నచో ఇంకను మేలు. కాని దాని పని ఏమో పలువురు పొరబడుచున్నారు. అది గంటలకొలది పని చేసికొనుటకు పెట్టినది కాదు. ఇళ్లలో వాడు చిన్న యు.పి.యస్. పది పదునైదు నిమిషముల వ్యవధి ఇచ్చును. ఆ వ్యవధిలో చేయుచున్న పనిని భద్రపరచి యంత్రమును పద్ధతిగా ఆపివేయవలెను. లేసరు ప్రింటరును దానికి తగిలింపరాదు. అచ్చువేయునపుడు ఆ ప్రింటరు ఒక్కసారిగా లాగు కరెంటును చిన్న యు.పి.యస్. భరింపలేదు. మన ఎండలలో అందలి బ్యాటరీ రెండు మూడేండ్లకు మించి నిలుచుట అరుదు. బ్యాటరీ మార్చిన తేదీని పెట్టెపైననే చిన్న కాగితముపై వ్రాసి అంటించవలెను. ఇంటిలో ఇన్వర్టరు ఉన్నవారు దాని వెనుక చూడుడు: పలు ఇన్వర్టర్లకు 'యు.పి.యస్.' అను మీట యొకటి ఉండును. దానిని ఆ వైపునకు త్రిప్పి ఉంచనిచో, కరెంటు పోయి ఇన్వర్టరు అందుకొనులోపలనే కంప్యూటరు ఆగిపోవును. మీట ఒకటి త్రిప్పకపోవుటచేత ఇన్వర్టరు మంచిది కాదని నిందించువారిని మేము చూచితిమి.

ఎర్తింగు మాట చెప్పక తప్పదు. మూడు కాళ్ల ప్లగ్గులో పెద్ద కాలు అడ్డమని విరిచివేయు ఇండ్లు నేటికిని ఉన్నవి. కంప్యూటరు ఇనుప పెట్టెను తాకినపుడు చేతికి జివ్వుమన్నచో ఎర్తు లేదని గుర్తు. అది యంత్రమునకు, మనిషికి కూడ కీడు. బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్తు గుంట వేసవిలో ఎండిపోవును. వారమునకొక బిందెడు నీరు పోయవలెను. న్యూట్రలుకును ఎర్తుకును నడుమ వోల్టేజి రెండు మూడు వోల్టులకు మించరాదని ఎలక్ట్రీషియన్లు చెప్పుదురు. ఒకసారి కొలిపించి చూచుకొనుడు.

ఇందులో పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగ చేయదగిన పని యొకటి కలదు. వీధి ట్రాన్స్ఫార్మరువద్దనో, లైనులోనో న్యూట్రలు తీగ తెగినచో, కొన్ని ఇండ్లలో దీపములు మినుకుమినుకుమనును. అదే సమయమున మరికొన్ని ఇండ్లకు 230 వోల్టులకు బదులు 400 వోల్టుల సమీపము దాకా రావచ్చును. ఒక్క పూటలో వీధి వీధియే టెలివిజన్లు, ఫ్రిజ్జులు, కంప్యూటర్లు మాడిపోవుట ఇట్లే జరుగును. ఒక ఇంట వెలుగు మందగించి పొరుగింట బల్బులు మితిమీరి వెలుగుట కనబడినచో, ఉపేక్షింపక అందరిచేత మెయిను స్విచ్చిలు కట్టించి 1912 నంబరునకు ఫోను చేయవలెను. ట్రాన్స్ఫార్మరు ఎర్తు గుంటను వేసవి ముందే చూచి వెళ్లుమని లైన్‌మన్‌ను కోరుట మరువరాదు.

ఉరుములు వినబడినంతనే ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. స్విచ్చి కట్టుట చాలదు. ఇంటర్నెట్టు పెట్టెనుండి కంప్యూటరునకు వచ్చు తీగను కూడ తీసివేయవలెను. ఆ పెట్టెకు వచ్చునది గాజు తీగ అయినను, పెట్టెకు కరెంటు ఉన్నది, అందుండి బయలుదేరునది రాగి తీగ. అంగడిలో అమ్ము స్పైకు గార్డులు దగ్గరలో పడిన పిడుగును ఆపలేవు. ఇది ఉరుము దూరముగ ఉన్నపుడే చేయవలసిన పని; తలపైకి వచ్చిన తరువాత తీగల జోలికి పోరాదు.

ఇక దుమ్ము, వేడిమి. కంప్యూటరు లోపల విసనకర్ర గాలిని లాగుచుండును. గాలితోబాటు ఎర్రమట్టి, ఊక, ప్రత్తి నూగు కూడ పోయి మెదడు వంటి చిప్పుపై నున్న అల్యూమినియపు రేకుల నడుమ దట్టముగ పేరుకొనును. అప్పుడు చిప్పు వేడెక్కి తన్ను తాను కాపాడుకొనుటకై నెమ్మదించును, మరి తాళలేనిచో ఆగిపోవును. "మధ్యాహ్నము మాత్రమే ఆగిపోవుచున్నది" అనువారి యంత్రములను తెరచి చూచినచో కారణము తరచు ఇదియే. పెట్టెను గోడకు జానెడు దూరములో, నేలకు ఎత్తుగా ఉంచవలెను. అల్లిక పని చేసిన గుడ్డ కప్పుట మన ఇండ్లలో ముచ్చట. కాని యంత్రము నడుచునపుడు ఆ ముచ్చట పనికిరాదు, ఆపి చల్లారిన పిమ్మట కప్పవచ్చును. మూడు నెలలకొకసారి ప్లగ్గు ఊడదీసి, ప్రక్క మూత విప్పి, మెత్తని కుంచెతో దులిపి, బ్లోయరుతో ఊదవలెను. ఊదునపుడు విసనకర్రను వ్రేలితో ఆపి పట్టవలెను. లేనిచో అది మితిమీరి తిరిగి చెడును. చేయి లోపల పెట్టుటకు ముందు పెట్టె ఇనుమును ఒకమారు తాకుట, ఒంటిలోని స్థిర విద్యుత్తు పోవుటకు. విద్యుత్ పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ కొంతసేపు అందు కరెంటు నిలిచియుండును. వెనుక ఖాళీ రంధ్రములున్నచో రేకుతో మూయవలెను. వెచ్చదనము వెదకుకొనుచు వచ్చు బల్లులు, చీమలు ఎన్ని యంత్రములను పాడుచేసినవో మెకానిక్కులు కథలుగా చెప్పుదురు.

ల్యాప్‌టాపునకు సొంత బ్యాటరీ ఉన్నందున యు.పి.యస్. అక్కరలేదు. దానిని పరుపుమీద పెట్టి వాడరాదు. అడుగుభాగము ఉబ్బినట్లు కనబడినచో బ్యాటరీ పాడైనదని తెలిసి వెంటనే వాడుక మానవలెను.

ఒక చిన్న విషయము, తరచు మోసపుచ్చునది. కంప్యూటరు బోర్డుపై రూపాయి బిళ్లవంటి 3 వోల్టుల బ్యాటరీ యుండును. అది నీరసించినచో, ప్లగ్గు తీసినపుడెల్ల గడియారము వెనుకటి సంవత్సరములకు పోవును. తేదీ తప్పుగా ఉన్నందున బ్యాంకు, ప్రభుత్వ సైట్లు తెరచుకొనవు. ఇంటర్నెట్టు చెడినదనుకొని కేబులువానితో తగవు పడుటకు ముందు తెరపై తేదీని చూడుడు. ఆ బిళ్ల ఖరీదు స్వల్పము.

లోపలి ప్రోగ్రాముల ఆరోగ్యమునకు ముఖ్యము అప్‌డేట్లు. 'విసుగు' అని వానిని ఆపివేయువారు 2017 సంవత్సరపు సంగతి తెలిసికొనవలెను. ఆ యేడు మార్చిలో మైక్రోసాఫ్టు సంస్థ విండోసులోని ఒక లోపమును సరిచేయు అప్‌డేటును విడుదల చేసినది. మే 12న ఆ లోపమునుండియే 'వన్నాక్రై' అను వైరసు చొరబడి, పెక్కు దేశములలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి విడుదలకు డబ్బు కోరినది. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చినది. రెండు నెలల ముందే వచ్చిన అప్‌డేటును వేసికొన్న యంత్రములకు ఆ దారి మూసియున్నది. విండోసు 10 రకమునకు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో సాధారణముగ ముగిసినవి. మీ యంత్రము ఆ రకమైనచో విండోసు 11కు అర్హత కలదేమో చూపించుకొనవలెను. లేనిచో, పాత యంత్రములపైన కూడ నడుచు లినక్సు అను ఉచిత పద్ధతి ఉన్నది.

పెన్ డ్రైవు మరొక వాకిలి. జిరాక్సు దుకాణములో పదిమంది యంత్రములకు తగిలి వచ్చిన పెన్ డ్రైవును ఇంట పెట్టగానే తెరువక, విండోసుతోబాటే వచ్చు డిఫెండరుచేత ముందు పరీక్షింపవలెను. దొంగ ప్రతుల ప్రోగ్రాములు ఉచితమని తెచ్చుకొనరాదు. "మీ కంప్యూటరులో వైరసు ఉన్నది, మేము కంపెనీనుండి మాటలాడుచున్నాము" అని ఫోను చేయువారు మోసగాండ్రు. మైక్రోసాఫ్టు ఎవరికిని తనంత తాను అట్లు ఫోను చేయదు. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు చెప్పవలెను.

ఇప్పుడు మొదట చెప్పిన రెండవ పనికి వత్తుము. రైతు విత్తనమును అంతయు ఒకే గాదెలో పోయడు. డిస్కులోని వ్రాత విషయమున మాత్రము మనము అట్లు ఆలోచించుటలేదు. పాత తరహా హార్డు డిస్కు నిమిషమునకు 5,400 లేక 7,200 చుట్లు తిరుగును. చెడుటకు ముందు కొన్నిసార్లు టిక్కు టిక్కుమని హెచ్చరించును. ఆ చప్పుడు విన్ననాడే నకలు తీసికొనవలెను. కొత్త తరహా యస్.యస్.డి.లో తిరుగు భాగములు లేవు. పాత యంత్రమునకు అది వేసినచో వేగము ఎంతయో హెచ్చును. కాని చెడునపుడు తరచు చప్పుడు లేక చెడును. ఏ రకమైనను నకలు లేని వ్రాతను ఉన్నదని లెక్కపెట్టరాదు.

మూడు ప్రతులుండవలెనని ఈ పని తెలిసినవారి మాట: ఒకటి కంప్యూటరులో, ఒకటి వేరుగా కొన్న డిస్కులో, ఒకటి ఇంటి వెలుపల. నకలు తీసిన వెంటనే ఆ వేరు డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టవలెను. ఎల్లప్పుడు తగిలించియున్నచో తాళములు వేయు వైరసు దానికిని వేయును. వెలుపలి ప్రతి బంధువుల ఇంట నుండవచ్చును, ఇంటర్నెట్టులోని నిలువలో నుండవచ్చును. నకలునుండి ఒక ఫైలును నెలకొకసారి తెరచి చూచుట అవసరము. తీసితిమనుకొన్న నకలు తెరచుకొనకపోవుట ఆపదవేళ తెలిసినచో ప్రయోజనము లేదు.

మరమ్మతునకు ఇచ్చునపుడు "నన్నడుగక ఫార్మాటు చేయరాదు" అని కాగితముపై వ్రాసి, రసీదుపైన కూడ వ్రాయించుకొనవలెను. యంత్రము లేవకపోయినను డిస్కు బాగుండవచ్చును. దానిని తీసి మరియొక కంప్యూటరునకు తగిలించి ఫైళ్లు తీసికొనుట సాధారణముగ సాధ్యమే. డిస్కు పాడైనదని అనుమానమున్నచో దానిపై కొత్తగా ఏదియు వ్రాయనీయరాదు. పంచాయతీ యంత్రమైనచో నకలు తీయు బాధ్యత ఎవరిదో, వారమున ఏ దినమున తీయవలెనో తీర్మానములో పేరుతో వ్రాయుట మేలు. అందరి పని అన్నచో ఎవరును చేయరు.

పై చెప్పిన వార్డు సభ్యుని కుమార్తె ఆ జాబితాను తిరిగి ఎక్కించినది. ఆయన ఇంటింటికి తిరిగి సవరణలు మరల అడిగి తెచ్చినారు. వృద్ధురాలి అర్జీని ఈసారి రెండు ప్రతులు వ్రాయించి ఒకటి ఆమెచేతికి ఇచ్చినారు. మేము వెళ్లిననాడు ఆ ఇంటి పెరటిలో ఎర్తు గుంట తడిగా ఉన్నది. నకలు డిస్కు ఏదని అడిగితిమి. పొరుగూరిలో ఆయన చెల్లెలి ఇంట, పట్టుచీరల పెట్టెలో ఉన్నదని, ఆదివారమునాడు తెచ్చి మరల అక్కడికే చేర్తుమని ఆ అమ్మాయి చెప్పినది.