పెదపులివర్రు నుంచి ఎస్‌.పి. పదవి దాకా

పిట్టలవానిపాలెం: పొలం గట్టు తగాదా వచ్చినా, నీటి మోటారు దొంగతనం జరిగినా మన రైతుకు కనిపించే పోలీసు అధికారి స్టేషనులోని ఎస్‌.ఐ. మాత్రమే. ఆ పైన సి.ఐ., డి.ఎస్‌.పి., ఎస్‌.పి. ఉంటారని అందరికీ తెలుసు. అయితే ఎస్‌.పి. కుర్చీకి ఎవరు, ఏ దారిన చేరుకుంటారో తెలిసినవారు తక్కువ. ఆ దారిన నడచిన ఒక అధికారి మన జిల్లా పల్లెలోనే పుట్టారు.

ఆయన చదలవాడ ఉమేష్‌చంద్ర. భట్టిప్రోలు మండలం పెదపులివర్రులో 1966 మార్చి 19న జన్మించారు. అప్పుడది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చింది. హైదరాబాదు పబ్లిక్‌ స్కూలులో, ఆ తరువాత నిజాం కళాశాలలో చదివి, 1991 బ్యాచిలో ఐ.పి.ఎస్‌. అధికారి అయ్యారు.

నాలుగు ద్వారాలు

పోలీసు శాఖలో ప్రవేశానికి నాలుగు ద్వారాలున్నాయి. ఇంటర్మీడియట్‌ చదివినవారు కానిస్టేబులుగా, డిగ్రీ చదివినవారు ఎస్‌.ఐ.గా చేరవచ్చు. రాష్ట్ర సర్వీసు కమిషన్‌ జరిపే గ్రూప్‌-1 పరీక్ష నెగ్గితే నేరుగా డి.ఎస్‌.పి. కావచ్చు. నాలుగవది ఢిల్లీ యూనియన్‌ పబ్లిక్‌ సర్వీస్‌ కమిషన్‌ జరిపే సివిల్‌ సర్వీసు పరీక్ష. డిగ్రీ ఉండి, 21 ఏళ్లు నిండినవారు దీనికి అర్హులు. ప్రిలిమినరీ, మెయిన్స్‌, ఇంటర్వ్యూ అని మూడు అంచెలు దాటాలి. ఎంపికైన వారికి ముస్సోరీలోను, హైదరాబాదులోని సర్దార్‌ పటేల్‌ పోలీసు అకాడమీలోను శిక్షణ ఇస్తారు. కానిస్టేబులుగా చేరినవారికి ఎస్‌.ఐ. కావడానికే ఏళ్లు పడుతుంది. ఐ.పి.ఎస్‌. అధికారి శిక్షణ ముగియగానే ఎ.ఎస్‌.పి. హోదాలో ఒక సబ్‌ డివిజన్‌ బాధ్యత స్వీకరిస్తాడు. అది డి.ఎస్‌.పి. చేసే పనే.

ముఠా కక్షల సీమలో

ఉమేష్‌చంద్రకు అలా దక్కిన చోటు పులివెందుల. ముఠా తగాదాలకు, నాటు బాంబులకు అప్పట్లో పేరుమోసిన ప్రాంతం. వరంగల్‌లో కూడ పనిచేశారు. తరువాత కడప జిల్లా ఎస్‌.పి.గా వచ్చి ముఠాలను గట్టిగా అదుపు చేశారు. కడప ప్రజలు ఆయన పేరు నేటికీ తలచుకుంటారు. అక్కడి నుంచి నక్సలైట్ల ప్రాబల్యం ఉన్న కరీంనగర్‌ జిల్లాకు ఎస్‌.పి.గా వెళ్లారు. చివరకు హైదరాబాదులో డి.జి.పి. కార్యాలయంలో ఎ.ఐ.జి. అయ్యారు.

33 ఏళ్లకే

1999 సెప్టెంబర్‌ 4న హైదరాబాదు సంజీవరెడ్డి నగర్‌ కూడలిలో సిగ్నల్‌ వద్ద ఆయన కారు ఆగింది. పీపుల్స్‌వార్‌ నక్సలైట్లు కాల్పులు జరిపారు. ఆయన కారు దిగి, చేతిలో ఆయుధం లేకుండానే వారిని వెంటాడారు. అక్కడే ప్రాణాలు విడిచారు. ఆ దాడిలో ఆయన డ్రైవరు, అంగరక్షకుడు కూడ మరణించారు. ఆ కూడలిలో నేడు ఉమేష్‌చంద్ర విగ్రహం ఉన్నది.

కొడుకు, కూతురు ఎస్‌.పి. కావాలని కోరుకునే తల్లిదండ్రులు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. జీపు, బంగళా, సెల్యూటు అందరికీ కనిపిస్తాయి. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఉమేష్‌చంద్రకు దొరికినవన్నీ కష్టమైన చోట్లే. ఆ సంగతి కూడ పిల్లలకు చెప్పి చదివించాలి. ఎస్‌.పి. కార్యాలయం కోసం ఒకప్పుడు గుంటూరు వెళ్లవలసి వచ్చేది. 2022 నుంచి అది బాపట్లలోనే ఉన్నది. పరీక్ష రాయదలచిన మన పిల్లలు ఆ కుర్చీ చేసే పని ఏమిటో ఇక దగ్గర నుంచే చూడవచ్చు.